మీరు ఎలాగూ వెళ్తున్నారు కదా, ఒక కుక్కని తీసుకెళ్తారా?

ఒక ఊరకుక్కని అమెరికా తీసుకెళ్ళానని నేను పెట్టిన స్టోరీ చూసి ఈ మధ్య ఒక్కొక్కళ్ళు ఒక్కోటి అడుగుతున్నారు. కుక్కల్ని అమెరికా తీసుకెళ్ళి ఎంతకి అమ్ముతున్నావని ఒకాయన, కుక్కకి కూడా బిజినెస్ క్లాసేనా అని ఇంకొకావిడ. మా వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఒక అంకుల్ అయితే సీరియస్‌గా, మా వాడికి వీసా స్లాట్ దొరక్క చస్తుంటే కుక్కకెలా దొరికిందమ్మా అన్నారు. ఆయన బాధ నాకర్థమైంది కానీ కుక్కకి వీసా అక్కర్లేదండీ, కాగితాలు మాత్రం మీవాడికంటే ఎక్కువే కావాలి.

విషయమేంటంటే దీన్ని ఫ్లైట్ వాలంటీర్ అంటారు. మీరు మీ పని మీద, మీ డబ్బుతో, మీ టికెట్ కొనుక్కుని ఎక్కడికో వెళ్తుంటారు. అదే ఊళ్ళో ఒకళ్ళు ఇక్కడి రెస్క్యూ కుక్కని దత్తత తీసుకోడానికి ఒప్పుకుని ఎదురుచూస్తుంటారు. కుక్క ఒక్కటే వెళ్తే అది కార్గో, దానికి ఏజెంటు, కార్గో టెర్మినల్, హ్యాండ్లింగ్, అన్నీ కలిపి బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అదే కుక్క ఒక ప్యాసింజర్ టికెట్‌కి జతై వెళ్తే ఎక్సెస్ బ్యాగేజీ కింద లెక్క, చాలా తక్కువలో అయిపోతుంది. కుక్కకి కావల్సింది మీ టికెట్ మీద ఉన్న పేరు, ఇంతకంటే గొప్ప సేవ ఏమీ లేదిందులో. చర్మం కింద గుర్తింపు నంబరు చిప్ వేయించేవాళ్ళు, టీకాలేయించేవాళ్ళు, రాత్రిళ్ళు లేచి కట్టు మార్చేవాళ్ళు వేరే ఉన్నారు, అసలు కష్టం వాళ్ళది, మనం క్యూలో నిలబడతామంతే. ఇది వినయం కొద్దీ చెప్తున్న మాట కాదు, నిజంగానే నేను ఎక్కువ చేసింది క్యూలో నిలబడటమే.

పీత సంగతి చెప్తా. పీత ఫిషింగ్ హార్బర్ కుక్క, గోధుమ రంగు, చెవులు రెండూ నిటారుగా, ఒక చెవి కొసన చిన్న వీ ఆకారంలో కత్తిరింపు (అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు, ఎవరో కోసేశారని కంగారు పడకండి). ఏదో బండి వెనక నడుం మీదుగా ఎక్కేసింది, తుంటి ఎముక అతుక్కుంది కానీ సరిగ్గా అతుక్కోలేదు, దాంతో నడిస్తే ఒక పక్కకి వాలిపోతూ పీతలా అడ్డంగా పోతుంది, ఆ పేరు అందుకే. హార్బర్‌లో ఎండుచేపలమ్మే ఒకామె దీనికి చేప తలకాయలేసి పెంచింది, దెబ్బ తగిలిన రోజు ఆటోలో ఎక్కించింది కూడా ఆవిడే. తర్వాత పెదవాల్తేరులో ఒక అక్క ఇంట్లో ఫోస్టర్‌కి, అంటే ఇల్లు దొరికేదాకా చూసుకోడానికి, పెట్టారు. ఆడకుక్క, కుంటిది, ఊరకుక్క, ఈ మూడూ ఉన్నాక వైజాగ్‌లో ఇంక ఎవరు తీసుకుంటారు చెప్పండి. మనవాళ్ళకి ఈ ఉక్కపోతలో మంచు దేశాల హస్కీ కావాలి, హస్కీ కోసం ఇరవైనాలుగ్గంటలూ ఏసీ వేస్తారు, గుమ్మం ముందున్న ఊరకుక్కకి మాత్రం నీళ్ళగిన్నె పెట్టమంటే పక్కింటివాళ్ళు ఒప్పుకోరంటారు. ఎన్ని పోస్టులు పెట్టినా మధురవాడ నుంచి గాజువాక దాకా ఒక్క ఫోన్ రాలేదు. చివరికి వర్జీనియాలో ఒక జంట, వాళ్ళ దగ్గర ఇంతకుముందు మూడు కాళ్ళ కుక్క ఉండేదట, పీత అడ్డంగా పరిగెత్తే వీడియో చూసి ఇదే కావాలన్నారు. మా చెల్లి ఉండేది అక్కడికి దగ్గర్లోనే, నేను వెళ్ళాల్సిన పనీ ఉంది.

ఇక కాగితాలు. అమెరికాలో కుక్కల్లో తిరిగే రేబిస్ రకం పూర్తిగా పోయిందని 2007లోనే ప్రకటించుకున్నారు. మన దేశం వాళ్ళ లెక్కలో హై రిస్క్, అది అవమానమేం కాదు, మన దగ్గర పరిస్థితి మనకి తెలుసు కదా. 2021 జులైలో ఇలాంటి దేశాల కుక్కల్ని దాదాపు ఆపేశారు, తర్వాత కొంచెం కొంచెం సడలించి 2024 ఆగస్టు 1 నుంచి కొత్త రూల్స్ పెట్టారు. కెనడా అయితే 2022 సెప్టెంబర్ 28 నుంచి మన దేశంలాంటి చోట్ల నుంచి వచ్చే దత్తత కుక్కల్ని కూడా కమర్షియల్, అంటే వ్యాపారం కిందే కట్టి రానివ్వడం మానేసింది, టొరంటో వెళ్తున్నాం తీసుకెళ్తాం అని అడిగే పిల్లలు చాలామందే ఉంటారు, పాపం వాళ్ళకి నో చెప్పాల్సొస్తుంది.

కొత్త రూల్స్ ప్రకారం కుక్కకి ఆరు నెలలు నిండాలి. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా, ఈ వరస తప్పితే మళ్ళీ మొదటికే. టీకా అయిన నెలకి రక్తం తీసి వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌కి పంపాలి, టీకా నిజంగా పట్టిందా లేదా అని చూస్తారు, రక్తంలో యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. ఆ రక్తం తీసిన రోజు నుంచి ఇంకో 28 రోజులు ఆగితే గానీ అక్కడ దిగకూడదు. ఈ రిపోర్టు లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్, దాని ఖర్చు వింటే దత్తత తీసుకుంటామన్నవాళ్ళు వెనక్కి తగ్గుతారు, వాళ్ళని తప్పు పట్టలేం. ఇవి కాక గవర్నమెంట్ వెట్ సంతకంతో ఒక ఫారం, ఆన్‌లైన్‌లో ఇంకో ఫారం, చివర్లో మన వైపు నుంచి యానిమల్ క్వారంటైన్ వాళ్ళు కుక్కని చూసి, చిప్ స్కాన్ చేసి ఇచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. ఆ ఆఫీసు వైజాగ్‌లో లేదు, మనకి దగ్గరంటే హైదరాబాదో చెన్నైయో.

అన్నిటికంటే పెద్ద తిరకాసు ఇంకోటుంది. ఇక్కడ టీకా వేయించుకున్న కుక్క అమెరికాలో ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు, అక్కడి ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన యానిమల్ కేర్ సెంటర్ ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగాలి. న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ దగ్గరి డల్లస్ (Dulles), అట్లాంటా, లాస్ ఏంజెలెస్, ఇలా కొన్నే ఉన్నాయి. మనవాళ్ళు సగం మంది వెళ్ళే టెక్సస్ డాలస్ (Dallas) నేను చూసినప్పుడు లిస్టులో లేదు! నాకు మెసేజ్ పెట్టేవాళ్ళలో ఎక్కువమంది అక్కడికే. ఈ లిస్టు మారుతుంటుంది కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి చూసుకోండి.

మన ఎయిర్‌పోర్టు సంగతి తెలిసిందే, నేవీ వాళ్ళ రన్‌వే, ఎన్ఏడీ దాటాక అటు తిరిగితే వచ్చే బుల్లి టెర్మినల్, ఇక్కడి నుంచి అమెరికాకి డైరెక్ట్ ఎక్కడిది. అందుకని పీతని హైదరాబాద్ దాకా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్దాం అనుకున్నాం. ట్రైన్‌లో కుక్కని మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే, అంటే రెండు బెర్తుల గది, మొత్తం మనదే అవ్వాలి, చార్ట్ పడేదాకా కూపే వస్తుందో నాలుగు బెర్తులది పడుతుందో తెలీదు, ఆ టెన్షన్ ఒకటి. వచ్చింది. పార్సిల్ ఆఫీసులో కుక్కకి టికెట్ రాయించుకోవాలి, అక్కడ కూర్చున్నాయన బ్రీడ్ ఏంటమ్మా అన్నాడు, ఊరకుక్కండీ అన్నాను, తలెత్తి ఒకసారి నన్ను, ఒకసారి దాన్ని చూసి, ఎంతదాకా అన్నాడు. హైదరాబాద్, అక్కడి నుంచి అమెరికా అన్నాను. పక్క టేబుల్ ఆయన పెన్ను కింద పెట్టి మరీ లేచొచ్చి చూశాడు. ఏముంది దీంట్లో అంత, అని చుట్టూ ఒక రౌండ్ కూడా వేశాడు.

స్టేషన్‌కి ఆ ఎండుచేపలావిడ వచ్చింది. ప్లాట్‌ఫాం మీద కూర్చుని పీత మూతి రెండు చేతుల్లో పట్టుకుని, "ఏటమ్మా, అక్కడ దీనికి సేపలేస్తారా ఏటి?" అని నన్నడిగింది. వేస్తారు అన్నాను. "ముళ్ళు తీసి ఎయ్యమను, దీనికి అలవాటు నేదు" అంది. నాకు తెలిసి ఆ కుక్క పుట్టిన దగ్గర్నుంచి ముళ్ళతోనే తిన్నది, అయినా మాట్లాడలేదు.

కుక్కని విమానంలో పెట్టే డబ్బా గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎయిర్‌పోర్టులో ఆపేది దీని దగ్గరే. విమానాల్లో జంతువులకి ఐయాటా (ఎయిర్‌లైన్స్ అన్నీ కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ సంఘం) వాళ్ళ రూల్స్ ఉంటాయి. కుక్క లోపల నిటారుగా నిలబడితే చెవులు పైన తగలకూడదు, గుండ్రంగా తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. పొడవు లెక్కకి ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి దానికి ముందుకాలి మోచేతి ఎత్తులో సగం కలపాలి. పైభాగం కింది భాగం కలిపే ప్లాస్టిక్ క్లిప్పులు పనికిరావు, నట్లూ బోల్టులూ వేయించాలి, తలుపు నాలుగు మూలలా జిప్ టైలు కూడా వేస్తారు. నీళ్ళగిన్నె తలుపుకి లోపలివైపు ఉండాలి, బయటి నుంచి పోయగలగాలి. ఆ గిన్నెలో నీళ్ళు ముందు రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెడితే ఎత్తేటప్పుడు కుదిపేటప్పుడు ఒలకవు, మెల్లగా కరుగుతుంటే కుక్క నాకుతుంది, ఇది నాకు పీతని ఫోస్టర్ చేసిన అక్క నేర్పింది. కింద పీల్చే ప్యాడ్లు, వాటి మీద అక్క వాడి పడేసిన పాత నైటీ, ఉతక్కుండా. ఉతికితే వాసన పోతుంది, దాని ఉపయోగమే వాసన. ఇదంతా ప్రయాణం రోజు చేసే పని కాదు, వారాల ముందు నుంచే అన్నం డబ్బాలోనే పెట్టి, పడక డబ్బాలోనే వేసి అలవాటు చేశారు, పీతకి ఆ డబ్బా అంటే ఇల్లే అయిపోయింది, బయటికి రమ్మంటే రాదు.

నిద్రమాత్ర వేసేస్తే గొడవొదిలిపోతుంది కదా అని మా ఇంట్లో వాళ్ళతో సహా అందరూ అన్నారు. వద్దు, అసలు వద్దు. మత్తులో బీపీ పడిపోతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, డబ్బా కదిలినప్పుడు కాళ్ళు నిలదొక్కుకోలేదు, పైగా విమానంలో కింద సామాన్ల అరలో ఏమైనా అయితే చూడ్డానికి ఎవరూ ఉండరు, మత్తిచ్చిన కుక్కని చాలా ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోవు కూడా. ఇంకో భయం, కింద సామాన్ల మధ్య గాలి ఉంటుందా అని. ఉంటుందండీ, జంతువుల్ని పెట్టే అరలో మన క్యాబిన్‌లాగే ప్రెషర్ ఉంటుంది, టెంపరేచర్ కూడా చూస్తారు. సౌండ్, చీకటి మాత్రం ఉంటాయి. మన ఊరకుక్కలకి మూతి పొడవు కాబట్టి ఊపిరి ఇబ్బంది తక్కువ, పగ్‌లాంటి చప్పిడి ముక్కువాటినైతే చాలామంది కింద ఎక్కించుకోరు.

శంషాబాద్‌లో నాకు గుండె దడదడలాడింది ఒక్క చోటే. సెక్యూరిటీ వాళ్ళు డబ్బా స్కాన్ చెయ్యాలి, అంటే కుక్కని బయటికి తీయాలి. కుక్కలు తప్పించుకునిపోతే అక్కడే పోతాయి, ఆ హాల్లో కుక్క బెదిరి పరిగెత్తితే మళ్ళీ పట్టుకోవడం దేవుడి వల్ల కూడా కాదు. అందుకే మెడకి లాగితే బిగిసే రకం బెల్టు, ఒంటికి హార్నెస్, రెండింటికీ రెండు తాళ్ళు, ఒకటి నా మణికట్టుకి, ఒకటి నడుముకి కట్టుకున్నాను. తలుపు తీశాను, పీత రాలేదు. పిలిచాను, రాలేదు. వెనక క్యూ పెరుగుతోంది. చివరికి నైటీతో సహా లాగితే నైటీ మీద కూర్చునే వచ్చింది, వచ్చి నా కుడికాలి పాదం మీద మొత్తం బరువేసి కూర్చుంది. వణుకుతోంది, నా కాలికి తెలుస్తోంది. ఆ సీఐఎస్ఎఫ్ అబ్బాయి డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, వంగి దాని గడ్డం కింద గోకి, హిందీలో ఏదో అన్నాడు, మా ఊళ్ళో కూడా అచ్చం ఇలాంటిదే ఉంది అన్నట్టు. అంతే, మళ్ళీ లోపలికి వెళ్ళమనక్కర్లేకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత చెప్పుకోడానికేం లేదు. సీట్లో కూర్చున్నాక క్రూకి నా కుక్క కింద ఉంది, ఎక్కిందో లేదో కనుక్కోండి అని చెప్పాలి, వాళ్ళు కనుక్కుని చెప్తారు, చెప్పేదాకా సీట్ బెల్టు పెట్టుకోబుద్ధి కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారాలి, అక్కడ జంతువుల కోసం పెద్ద లాంజే ఉంది, గుర్రాల దగ్గర్నుంచి చేపల దాకా చూస్తారు. నాకు మాత్రం కాఫీ తాగుతూ కూర్చోడమే పని.

వాషింగ్టన్ డల్లస్‌లో దిగాక, మీరు రీల్స్‌లో చూసే సీన్ ఉంటుంది చూడండి, ట్రాలీ తోసుకుంటూ అరైవల్స్‌లోకి రాగానే బెలూన్లు పట్టుకుని ఒక ఫ్యామిలీ ఏడుస్తూ పరిగెత్తుకు రావడం, అది పాత రూల్స్ నాటి ముచ్చట. ఇప్పుడు కుక్క ముందు ఆ కేర్ సెంటర్‌కే వెళ్తుంది, అక్కడ డాక్టర్ చూసి, చిప్ సరిచూసి, మళ్ళీ రేబిస్ టీకా వేస్తారు, అన్నీ బాగుంటే దత్తత తీసుకున్నవాళ్ళు అక్కడికే వచ్చి తీసుకెళ్తారు. నేను కాగితాల ఫైలు అప్పగించి, సంతకాలు పెట్టి, సూట్‌కేసులు తీసుకుని మా చెల్లి కారెక్కాను. వాళ్ళని నేను నేరుగా కలవనే లేదు. తర్వాత వీడియో పంపారు, పీత వాళ్ళ ఇంటి వెనక గడ్డిలో అడ్డంగా పరిగెడుతోంది. చేపలేస్తున్నారా అని అడిగాను, సాల్మన్ అంట! హార్బర్‌లో ఆవిడకి చూపిస్తే, ఆ గులాబీ చేప ఏంటో అడిగి, "ముళ్ళు తీసారా నేదా అది సెప్పు" అంది.

సరే, ఇప్పుడు ఈ పనికి నేను తినే తిట్లు. ఇక్కడ మనుషులకే దిక్కులేదు అనేవాళ్ళకి నేను జవాబివ్వను, అలా అనేవాళ్ళు మనుషులకి చేస్తుండగా నేనెప్పుడూ చూళ్ళేదు. కానీ ఇంకో రెండు మాటలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. ఒకటి, అమెరికా షెల్టర్లలో కుక్కలు లేవా, చోటు లేక అక్కడ కూడా మందిచ్చి చంపేస్తున్నారు కదా, మనం ఇంకోటి తీసుకెళ్ళడమేంటి అని. నిజమే. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుక్కల్ని నేను తీసుకెళ్ళను, వాటికి సీతమ్మధారలోనో పెందుర్తిలోనో ఇల్లు దొరుకుతుంది, దొరక్కపోతే ఇంకొంచెం గట్టిగా వెతకాలి. ఇక్కడ ఎవరూ తీసుకోరని తేలిపోయి, అక్కడొకళ్ళు ఫలానా కుక్కే కావాలని పేరు పెట్టి అడిగితేనే.

రెండోది, ఒక్క పీత మీద పెట్టిన డబ్బుతో ఇక్కడ ఎన్ని కుక్కలకి ఆపరేషన్లు, టీకాలు అయ్యేవి అని. ఇదీ నిజమే, లెక్క వేసుకుంటే నాకే ఇబ్బందిగా ఉంటుంది. 2023లో వచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ ప్రకారం కుక్కని పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టిన చోటే వదలాలి, ఆ పని సరిగ్గా జరిగితే పీతలాంటివి పుట్టడమే తగ్గుతుంది. మీ దగ్గర డబ్బుంటే దానికివ్వండి, నేనే చెప్తున్నా. కానీ పీత ఖర్చు వర్జీనియా వాళ్ళది, వాళ్ళు ఇంట్లోకి తెచ్చుకుంటున్న కుక్క కోసం పెడతారు గానీ మన కార్పొరేషన్ జీవీఎంసీకి పంపరు కదా. ఇక నా వైపు నుంచి ఇచ్చింది టికెట్ మీద పేరు. దాంతో ఇక్కడ ఒక్క కుక్కకైనా ఆపరేషన్ చేయించగలనా? నేను వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ విమానం ఎగురుతుంది, కింద ఆ అర ఖాళీగా పోతుంది. డబ్బుకీ దీనికీ పోటీ పెట్టడం నాకర్థం కాదు.

వాలంటీర్‌గా వస్తామనేవాళ్ళకి కొన్ని మాటలు. డేట్లు ముందే చెప్పండి, కాగితాలకే రెండు నెలలు దాటుతుంది, వచ్చే వారం వెళ్తున్నాను ఏదైనా కుక్క ఉందా అంటే ఉండదు. ఒప్పుకున్నాక మానేస్తే, మీకేం ఉండదు గానీ అక్కడ కేర్ సెంటర్ బుకింగ్, ఇక్కడ సర్టిఫికెట్ అన్నీ మీ తేదీకే కట్టి ఉంటాయి, మళ్ళీ అన్నీ కదపాలి. కొన్ని ఎయిర్‌లైన్స్ కుక్కని బ్యాగేజీ కింద తీసుకోవు, కార్గోనే అంటాయి, అందుకని టికెట్ బుక్ చేసేముందే అడగాలి, తీసుకునేవాళ్ళు కూడా ఒక ఫ్లైట్‌లో ఇన్నే అని లిమిట్ పెడతారు. కుక్క ఖర్చు ఒక్క రూపాయి కూడా మీరు పెట్టకూడదు, మీరూ డబ్బు అడక్కూడదు. ముఖ్యంగా ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎయిర్‌పోర్టులో డబ్బా చేతికిస్తామంటే తీసుకోకండి. ముందే వెళ్ళి కుక్కని చూడండి, ప్రతి కాగితం మీద చిప్ నంబర్ పదిహేను అంకెలూ సరిపోయాయో లేదో మీరే చదవండి, దత్తత తీసుకునేవాళ్ళతో ఒకసారి వీడియో కాల్ మాట్లాడండి, డబ్బా మీ కళ్ళముందే ఖాళీ చేయించి సర్దించండి, ఎందుకంటే రేపు లోపల ఇంకేదైనా దొరికితే పేరు మీది.

అమెరికా దాకా అక్కర్లేదు, బెంగుళూరు వెళ్ళేవాళ్ళు కూడా కావాలి. చిన్న కుక్కపిల్లనైతే క్యాబిన్‌లోనే కాళ్ళ దగ్గర పెట్టుకోనిచ్చే ఎయిర్‌లైన్స్ ఉన్నాయి, ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ నుంచి పెంపుడు జంతువుల్ని తీసుకుంటోంది, బరువు లిమిట్ ఉంటుంది, అది అప్పటికప్పుడు చూసుకోవాలి. ఇది గంటన్నర పని, కాగితాలు కూడా టీకా కార్డు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో దాదాపు అయిపోతాయి.

ఇంకో మాట, నా అనుభవంలో బెస్ట్ వాలంటీర్లు కుర్రాళ్ళు కాదు, పిల్లల డెలివరీలకి వెళ్ళే అమ్మమ్మలూ నాయనమ్మలూ. నెలల ముందే డేట్ ఫిక్స్, క్యాన్సిల్ చేసే ఛాన్సే లేదు, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకుంటారు, కౌంటర్లో ఎవరైనా కుదరదంటే కదలరు. మా పిన్ని న్యూజెర్సీ వెళ్తోంది, జేఎఫ్‌కేలోనే దిగుతోంది, నడుం పడిపోయిన ఒక నల్లకుక్క అక్కడికి వెళ్ళాల్సి ఉంది, ఇంకేం కావాలి. కుక్కంటే భయం అంది, డబ్బాలో ఉంటుంది కదా అన్నాను. మడి అంది, విమానంలో ఏం మడి అన్నాను. రెండ్రోజులు ఆలోచించి సరే అంది. ట్రాలీ మీద డబ్బా పట్టాలంటే రెండు సూట్‌కేసులతో కష్టం పిన్నీ, ఆవకాయ పెట్టె ఒకటి తగ్గించుకోవా అన్నాను. ఫోన్ పెట్టేసింది. రేపు మళ్ళీ చేస్తాను.